అప్ప ఉంగరం వేలు

మా బావకి వేలిముద్రల సంగతి నేర్పింది నేనే. ఈ మాట మా అమ్మతో కూడా ఇప్పటిదాకా ఇంత తిన్నగా చెప్పలేదు.

కలకత్తా భవానీపూర్‌లో మెట్రో మెట్లెక్కి బయటికొస్తే రెండు సందుల అవతల ఒక మొబైల్ షాపు ఉంది. అందులో పనిచేస్తాను. ముందు కౌంటర్లో కొత్త ఫోన్లు అమ్ముతాం, వెనక బల్ల మీద పాతవి బాగుచేస్తాం. రెండు పనులూ నాకు వచ్చు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో రోడ్లు ఊడ్చాడు. తర్వాత మా నాన్న, అమ్మ కూడా అదే పని చేశారు. నాన్న లేడు. అమ్మా నేనూ షాపుకి దగ్గర్లోనే ఒక గదిలో ఉంటాం. మా వైపు అక్కని అప్ప అంటారు. మా అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళయ్యాక నది అవతల హౌరా వెళ్ళింది. అక్కడ ఆమెదీ రోడ్లు ఊడ్చే పనే. నాలుగున్నరకి లేచి వెళ్తే పదకొండు దాటాక ఇంటికొచ్చి, వండి, తిని, మధ్యాహ్నం మూడు నాలుగ్గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకుంటుంది. ఆ వేళ చెవి దగ్గర డప్పు కొట్టినా లేవదు.

బావ హౌరాలోనే ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషను మీద పనిచేస్తాడు. పొద్దున ఆరింటికి వెళ్ళి రెండున్నర కల్లా ఇంట్లో ఉంటాడు. తాగడు. గట్టిగా మాట్లాడడు. మా ఇంటికి వస్తే చెప్పులు గుమ్మం అవతల జతగా పెట్టి, అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, కుర్చీ అంచున కూర్చుంటాడు. అప్ప తినకపోతే తనూ తినడు. మా సందులో ఆడవాళ్ళు మొగుళ్ళని తిట్టుకునేటప్పుడు ఆయన్నే చూపించేవారు. పిల్లలు లేరు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడని అమ్మ పదిమందికీ చెప్పుకునేది.

రెండేళ్ళ కిందట, వానలు మొదలైన రోజుల్లో అప్ప ఫోను నీళ్ళలో పడి పాడైపోయింది. కొత్తది నన్నే చూడమంది. షాపుకి రమ్మని, మూడు రకాలు తీసి కౌంటర్ అద్దం మీద పెట్టాను. ఒకదానికి వేలిముద్ర తెర అద్దం కిందే ఉంటుంది. ఒకదానికి పక్కన, ఆన్ చేసే బటన్‌లోనే ఉంటుంది. మూడోది కొంచెం పాత మోడల్, దానికి వీపు మీద, కెమెరా కింద గుండ్రటి గుంట ఉంటుంది. చూడ్డానికి మొదటిదే బాగుంటుంది. కానీ చేతులతో బరువు పని చేసేవాళ్ళకి అది ఇవ్వకూడదని నాకు అనుభవం మీద తెలిసింది. మేస్త్రీలు, బట్టలు ఉతికేవాళ్ళు, చేపలు కోసేవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి తెస్తారు.

అప్ప వేళ్ళన్నీ ఒకటొకటిగా పెట్టించాను. తెర మీద ఒక్కటీ పడలేదు. పక్క బటన్ మీద కుడి బొటనవేలు ఒకసారి పడి నాలుగుసార్లు పడలేదు. చీపురు కర్రా, బ్లీచింగ్ పొడీ కలిసి ఆమె వేళ్ళని నున్నగా అరగదీసేశాయి. చివరికి వీపు మీద గుంటలో ఎడమ చేతి ఉంగరం వేలు పడింది. చిన్నప్పుడు తలుపు సందులో పడి కాస్త వంగిపోయిన వేలది. చీపురు పట్టుకున్నప్పుడు అదొక్కటే కర్రకి ఆనకుండా పైకి లేచి ఉంటుంది. అందుకే దాని మీద గీతలు మిగిలాయి. ఆ వేలే ఎక్కించాను. నంబరు కూడా ఒకటి పెట్టుకోవాలి, అది ఎవరికీ చెప్పకు, నాకూ చెప్పొద్దు అన్నాను. కౌంటర్ దగ్గరికి వచ్చే అందరికీ చెప్పే మాటే అది. అప్ప అటు తిరిగి నాలుగంకెలు కొట్టుకుంది.

నెల తిరిగాక బావ ఒక్కడే షాపుకి వచ్చాడు. కార్ఖానా నుంచి అటే వచ్చినట్టున్నాడు, చొక్కాకి మిషను ఆయిలు వాసన. మీ అప్ప వేలు ఆ ఫోన్‌కి సరిగా పడ్డం లేదు, పాపం నొక్కీ నొక్కీ విసిగిపోతోంది, ఏం చేస్తే పడుతుంది అని అడిగాడు. నాకు ముచ్చటేసింది. పెళ్ళాం ఫోను బాధ గురించి నది దాటి వచ్చి అడిగిన మగాణ్ణి నేను అంతవరకూ చూడలేదు.

స్టూలు వేసి కూర్చోబెట్టి అంతా చెప్పాను. వేలు ఎండిపోయి ఉంటే గీతలు ఆనవు. పని నుంచి రాగానే సబ్బుతో కడిగి, తుడిచి, చేతికి రాసుకునే క్రీము కొంచెం పట్టించాలి. అది ఇంకే దాకా, ఒక పావుగంట, ఆగాలి. తర్వాత చూడండి, టక్కున పడుతుంది. మెత్తబడ్డాక అదే వేలు రెండోసారి కూడా ఎక్కిస్తే ఇక తిరుగుండదు, ఈసారి అప్పని పంపండి, అన్నాను. వేలు నిటారుగా కాదు, కాస్త ఏటవాలుగా ఆనించాలని నా వేలితోనే చేసి చూపించాను. ఆయన తల వంచి శ్రద్ధగా చూశాడు. వెళ్ళేముందు ఒకటి అడిగాడు.

"వేలు మనం నొక్కకపోయినా పడతాదా మరదలా? ఊరికే తగిల్తే?"

"తగిలితే చాలు బావా, నొక్కక్కర్లేదు," అన్నాను.

తర్వాతి వారం అప్ప వచ్చింది. ఆ వేలే రెండోసారి ఎక్కించాను. మీ బావ రోజూ చేతికి క్రీము రాస్తున్నాడే, సిగ్గేస్తోంది నాకు, అంది. ముఖం కళకళలాడుతోంది. ఆ రాత్రి అమ్మకి చెప్తే, అమ్మ దేవుడి పటం వైపు చూసి దణ్ణం పెట్టుకుంది.

దుర్గ పూజలకి ముందు ఒక ఆదివారం చెప్పకుండా హౌరా వెళ్ళాను. ఫెర్రీ పడవ దిగి వాళ్ళ సందుకి చేరేసరికి మూడు కావస్తోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. అప్ప నేల మీద చాప పరచుకుని వెల్లకిలా పడుకుంది. ఎడమ చెయ్యి చాప దాటి బయటికి చాచి ఉంది. బావ ఆ చేతి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆమె వేలికి క్రీము రాస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పెదాల మీద వేలు పెట్టి, పడుకుంది, అని సైగ చేశాడు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఆ వేలిని పైనుంచి కిందికీ, గోటి చుట్టూ, ఎంతో ఓపిగ్గా రాస్తున్నాడు. ఒక్క వేలే రాస్తున్నాడు. మిగతా నాలుగు వేళ్ళూ పగిలి, తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి. అది నా కళ్ళకి కనపడింది. కనపడినా నాకేమీ తట్టలేదు. తిరిగి వస్తూ, ఫెర్రీలో నిలబడి, ఇలాంటి మొగుడు అందరికీ దొరకడనే అనుకున్నాను.

ఆ తర్వాత అప్ప చుట్టూ మనుషులు తగ్గిపోవడం మొదలైంది. ఇప్పుడు వరసగా చెప్తున్నాను గానీ, అప్పట్లో ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉందని తోచలేదు.

ముందు ఆమెతో పాటు ఊడ్చే ఒక బెంగాలీ పెద్దావిడ మాట్లాడ్డం మానేసింది. ఐదారేళ్ళుగా ఇద్దరూ ఒకే టీ పంచుకుని తాగేవారు. అప్ప ఆవిణ్ణి దీదీ అనేది. ఏం తప్పు చేశానని అప్ప అడిగితే, నువ్వు రాసింది చాలదా, అని ముఖం తిప్పుకుందట. అప్ప ఏమీ రాయలేదు. అసలు అప్ప ఎవరికీ ఏమీ రాయదు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తెలుగు మాట్లాడుతుంది, హిందీ, బెంగాలీ మాట్లాడుతుంది, ఏదీ రాయదు. ఫోన్‌లో ఎప్పుడూ గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఆ గొంతు వెనక చీపురు చప్పుడో, బస్సు హారనో వినపడుతూ ఉంటుంది.

తర్వాత నాకే ఒక మెసేజ్ వచ్చింది. ఈ ఆదివారం రావద్దు, ఒంట్లో బాగోలేదు, అని ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. అప్ప రాయడం నేర్చుకుందే అని సంతోషించాను. బాగోలేదంది కదాని వెళ్ళలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు కూడా అలాంటివే వచ్చాయి. అప్ప మాత్రం నేను రావడం మానేశానని అమ్మ దగ్గర ఫోన్లో ఏడ్చిందట. అమ్మ నన్ను తిట్టింది. రావద్దంది తనే కదా అని నాకూ కోపం వచ్చింది. పది రోజులు అప్పకి ఫోన్ చెయ్యలేదు.

చలికాలంలో పెద్ద దెబ్బ తగిలింది. వాళ్ళ పని దగ్గర చెత్త ఎత్తే బ్యాటరీ బళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళకి కూడా నేర్పించి బండి ఇస్తామన్నారు. అప్ప పేరు ఇచ్చింది. ఆ కాగితం నింపిపెట్టింది నేనే. ఇంట్లో అప్పుడే చెప్పలేదు, ఖాయం అయ్యాక చెప్తానంది. పేరు ఎంపికైందని సూపర్‌వైజరమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. దానికి జవాబు కూడా వెళ్ళింది. నాకు వద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి, అని. నాలుగు రోజుల తర్వాత వేరే ఆమె బండి ఎక్కుతుంటే చూసి అప్ప పరుగెత్తి అడిగింది. సూపర్‌వైజరమ్మ ఆ జవాబు చూపించింది. అప్ప తన ఫోను తీసి చూస్తే అందులో రెండు మెసేజులూ లేవు.

ఫోను పాడైందని నా దగ్గరికి తెచ్చింది. నంబరు కొట్టి తెరిచి ఇచ్చింది. పొద్దున పని దగ్గర వేలు ఎప్పుడూ పడదు, నంబరే కొట్టుకుంటాను, అంది. నేను అన్నీ వెతికాను. దొంగ యాప్ ఏదీ లేదు. వేరే ఫోన్‌తో జత కలిపి లేదు. ఎక్కించిన వేలు కూడా ఒక్కటే, నేను రెండుసార్లు ఎక్కించిందే. దీదీ నంబరు బ్లాక్ చేసి ఉంది. ఇంకా ఇద్దరు ముగ్గురివి కూడా.

"నాను సెయ్యనేదే," అంది అప్ప. "సెల్లీ, నాకు మతి పోతందా?"

ఆ మాట నిజంగానే అడిగింది. నిద్రలో లేచి చేస్తున్నానేమో అని కూడా అంది. బావ కూడా అదే అంటున్నాడట. ఈ మధ్య నువ్వు చేసింది నీకే గుర్తుండటం లేదు, పని మానేసి ఇంట్లో ఉండు, నేను చూసుకుంటాను, అని. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తానని కూడా అన్నాడట. అప్ప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి ఉంగరం వేలు మాత్రం పసిపిల్ల వేలిలా మెత్తగా, మెరుస్తూ ఉంది. ఆ రోజు కూడా అది చూశాను. చూసి, ఫోను మీద ఇంకో స్క్రీన్‌గార్డు అంటించి పంపాను.

అసలు సంగతి తెలిసింది వేరేవాళ్ళ వల్ల. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఒక బెంగాలీ అమ్మాయి వాళ్ళమ్మని టాక్సీలో తెచ్చింది. తల్లికి పక్షవాతం, కుడివైపు చచ్చుపడింది. ఆ అమ్మాయి నన్ను టాక్సీ దగ్గరికే రమ్మంది. తల్లి ఫోన్లో ఫొటోలు కొత్త ఫోన్‌లోకి ఎక్కించాలి. తల్లి నంబరు మర్చిపోయింది. ఏం పర్లేదు అని ఆ పిల్ల, తల్లి కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తింది. ఆ చెయ్యి తడిబట్టలా వేలాడింది. చూపుడువేలు తీసి ఫోన్ వీపు మీద ఆనించింది. ఫోను తెరుచుకుంది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. తన చేతిని ఎవరో ఎత్తారని కూడా ఆవిడకి తెలియలేదు.

నేను అక్కడే ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల నాకు కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళు ఇచ్చింది.

చాప దాటి బయటికి చాచిన చెయ్యి, ఆ ఒక్క వేలూ, పావుగంట ఓపికా అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకి వచ్చాయి. నా ఫోను తీసి అప్ప పేరుతో వచ్చిన రాతలన్నీ చూశాను. ఒక్కొక్కటి ఏ వేళ వచ్చిందో చూశాను. అన్నీ మూడుకీ నాలుగుకీ మధ్య వచ్చినవే. అప్పుడు మూడుంబావు అయింది. వెంటనే అప్పకి ఫోన్ చేశాను. రెండు రింగులు అయ్యాక కట్ అయింది. నిమిషంలో మెసేజ్ వచ్చింది. పనిలో ఉన్నాను, తర్వాత చేస్తాను, అని. మా అప్ప నాలుగున్నర దాకా లేవదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. చాలా రోజులు నంబరు కొట్టకుండా వేలితోనే తెరుస్తుంటే ఫోను ఒకసారి ఆగి నంబరు అడుగుతుంది. అప్ప రోజూ పొద్దున పని దగ్గర నంబరు కొట్టేది కాబట్టి ఆయనకి ఆ అడ్డం ఎప్పుడూ రాలేదు. తెర కింద ఉండే రకం ఇచ్చి ఉంటే, ఎంత క్రీము రాసినా ఆ వేలు పడేది కాదేమో. వీపు మీద గుంట ఉన్నది ఏరి ఇచ్చింది నేను. వేలు ఏరిందీ నేనే. ఎలా ఆనించాలో చేసి చూపించిందీ నేనే.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి, అప్ప పని అయ్యే వేళకి వెళ్ళి, ఆమెని నది ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఘాట్ మెట్ల మీద కూర్చుని చెప్పాను. ఆమె అరుస్తుందని, నన్ను తిడుతుందని భయపడ్డాను. కానీ ఆమె చాలాసేపు తన ఎడమ చెయ్యి వైపు చూసుకుంది. ఒక ఫెర్రీ వచ్చి, జనం దిగి, జనం ఎక్కి, మళ్ళీ వెళ్ళిపోయింది.

"మిగతా వేళ్ళకి కూడా రాయమంటే, క్రీము అయిపోతాది అనీవోడు," అంది చివరికి.

అయినా కళ్ళారా చూస్తే గానీ నమ్మనంది. ఏడేళ్ళ కాపురం కదా. అక్కడే ఫోన్లోంచి వేలు తీసేశాం. నంబరు కూడా మార్చుకుంది. బావతో ఏమీ అనొద్దు, ఎప్పట్లాగే తిని పడుకో, అన్నాను. ఆ మధ్యాహ్నం అప్ప పడుకుంది గానీ నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుని ఉంది. ఆయన వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, పక్కన కూర్చున్నాడు. వేలికి రాశాడు. తర్వాత చల్లటి గుండ్రటి గుంట తన వేలికి తగిలిందట. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఆయన ఊపిరి చెవి పక్కనే వినపడిందట. తర్వాత వేలిని తన చొక్కాకి తుడిచి మళ్ళీ ఆనించాడట. తొమ్మిదిసార్లు వరకు లెక్కపెట్టానంది అప్ప. ఆ తర్వాత ఆయన చెయ్యి వదిలేసి లేచి వంటింటి వైపు వెళ్ళాడట.

సాయంత్రం టీ తాగేటప్పుడు మామూలు గొంతుతోనే అడిగాడట.

"నీ ఫోన్లో వేలు తీసీసేవేటి?"

అప్ప టీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. ఆయన మళ్ళీ అడగలేదు. గ్లాసులు తనే కడిగాడట. మర్నాడు పొద్దున అప్ప పనికని బయల్దేరి, మామూలుగా వెళ్ళే వీధి వైపు కాకుండా బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. కట్టుకున్న చీర, పని దగ్గరి కార్డు, ఫోను తప్ప ఇంకేమీ తేలేదు.

ఆ రోజే నాలుగింటికి బావ షాపుకి వచ్చాడు. చెప్పులు మెట్టు కింద విడిచాడు. కౌంటర్ ముందు నిలబడి, అద్దం మీద రెండు అరచేతులూ పెట్టి, లోపలున్న ఫోన్లని ఒకటొకటిగా చూశాడు. నా పక్కన మేం దాదా అని పిలిచే షాపు యజమాని ఉన్నాడు, కొనేవాళ్ళు ఇద్దరున్నారు.  అప్ప మా ఇంట్లో ఉందా అని అడగలేదు. అది ఆయనకి తెలుసు.

"వేలు ఎక్కడుండే రకం మంచిది మరదలా?" అన్నాడు. "పక్కనా, ఎనకా?"

నేను బిల్లు పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"నాకేటి తెలుసు, నువ్వే కదా నేర్పేవు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో కోపం కూడా లేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాక చూస్తే, అద్దం మీద ఆయన అరచేతులూ పది వేళ్ళూ ఆనిన మరకలు ఉన్నాయి. దాదా గుడ్డ తీసి తుడిచేశాడు.

రెండు వారాల తర్వాత మా వాళ్ళ పెద్దమనుషులు కూర్చున్నారు. మా సందులో తెలుగువాళ్ళ గుడి వెనక ఉన్న గదిలో, ప్లాస్టిక్ కుర్చీల్లో. బావ అందరికీ దణ్ణం పెట్టాడు. కొట్టాడా అని అడిగారు. లేదు. తిట్టాడా? లేదు. తాగుతాడా? ఇంకో ఆడది ఉందా? లేదు. మరి ఏటమ్మా నీ బాధ అన్నారు. అప్ప చెప్పింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. నేను లేచి ఫోను చూపించి వివరించాను. ఒక ముసలాయన ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఫోను ఆమెది, వేలు ఆమెది, తెరిచింది ఆమె వేలే అని ఫోనే అంటోంది, మరి ఇందులో అబ్బాయి తప్పేంటి, అన్నాడు. చేతికి మందు రాసే మొగుణ్ణి మా కాలంలో చూడలేదు, అన్నాడు ఇంకొకాయన. కొందరు నవ్వారు. బావ తల దించుకుని కూర్చున్నాడు. ఆమె బాగు కోసమే చేశాను, బండి నడిపితే ఏదైనా జరుగుతుందని భయమేసింది, అన్నాడు. ఆ మాట ఆయన నమ్మే అన్నాడని నాకు అనిపించింది. అందుకే ఇంకా భయమేసింది.

కాపురానికి వెళ్ళమ్మా అన్నారు అందరూ. మా అమ్మ కూడా ఒక క్షణం అప్ప ముఖంలోకి ఆశగా చూసింది. అప్ప లేచి నిలబడి, పడుకోడానికి భయమేసే ఇంటికి నేను వెళ్ళను, అంది.  అమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. ముగ్గురం బయటికి వచ్చేశాం.

అప్ప మొదటి నెలలు పిడికిళ్ళు బిగించుకుని పడుకునేది. గోళ్ళు అరచేతిలో దిగి ఎర్రటి చంద్రవంకలు పడేవి. నిద్రలో వేళ్ళు విప్పుదామని ఒకసారి అమ్మ ముట్టుకుంటే కెవ్వున లేచింది. ఇప్పుడు కొంచెం నయం. దీదీ దగ్గరికి తనే వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆవిడ చాలాసేపు విని, చీపురు పక్కన పడేసి, అప్పని దగ్గరికి తీసుకుందట. సూపర్‌వైజరమ్మకి కూడా చెప్పింది. ఆమె ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. తర్వాతి జట్టులో పేరు రాసింది. వానలకి ముందే అప్ప బండి నేర్చుకుంది. పచ్చరంగు బ్యాటరీ బండి, వెనక రెండు డబ్బాలు, ముందు అద్దానికి అమ్మ కట్టిన నిమ్మకాయ. భవానీపూర్ నుంచి పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్తుంది.

మొదటి నెల బాగానే గడిచింది. ఒకరోజు ఏడింటికి, మూడో మలుపులో, మూసి ఉన్న మిఠాయి కొట్టు గుమ్మం దగ్గర బావ నిలబడి ఉన్నాడట. ఆ వేళకి ఆయన కార్ఖానాలో ఉండాలి. పిలవలేదు, దగ్గరికి రాలేదు, బండి మలుపు తిరిగే దాకా చూశాడట. మర్నాడూ అక్కడే. సూపర్‌వైజరమ్మతో చెప్తే దారి మార్చింది. పది రోజులు ఎవరూ కనపడలేదు. పదకొండో రోజు కొత్త దారిలో, ఒక బడి గోడ పక్కన, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దారి ఇప్పటికి మూడుసార్లు మారింది. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసి ఇచ్చాం. రోడ్డు మీద నిలబడ్డం నేరం కాదన్నారు, దగ్గరికి వస్తే చెప్పమన్నారు.

అప్ప ఫోను నేను మూడుసార్లు పూర్తిగా చెరిపి మళ్ళీ మొదటినుంచి పెట్టాను. తర్వాత ఆ ఫోనే తీసేసి, మాటలు తప్ప ఇంకేమీ లేని బటన్ల ఫోను ఇచ్చాను. కొత్త దారి సంగతి అప్పకీ, సూపర్‌వైజరమ్మకీ, దీదీకీ, అమ్మకీ, నాకూ తప్ప తెలీదు. నిన్న కూడా కనపడ్డాడట. మెడలో మఫ్లరు, చేతిలో టిఫిన్ డబ్బా. అప్ప హారను కొట్టి ముందుకి పోనిచ్చిందట. ఆ దారి ఆయనకి ఎలా తెలుస్తోందో నాకింకా అంతుపట్టలేదు.